పంతులుకి నామినీ ఎవరు?

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున్న ఒక ఫారం నింపుతూ కూర్చున్నాను. పేరు, పుట్టిన తేదీ, సంతకాలు అన్నీ అయ్యి నామినీ గడి దగ్గరికి వచ్చేసరికి, పంతులు బల్ల మీదికి దిగి కాగితం మూల కొరికేశాడు. సరిగ్గా ఆ గడి ఉన్న మూలే. కొత్త ఫారం తెచ్చుకోవాలి, అది వేరే సంగతి. నాకున్న కాసిన్ని డబ్బులకి నామినీ ఉన్నారు. పంతులుకి మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరూ లేరు.

వాడు ఆఫ్రికన్ గ్రే చిలుక. బూడిద రంగు ఒళ్ళు, ఎర్ర తోక, ఎవరు మాట్లాడినా మధ్యలో దూరి సరిదిద్దే అలవాటు. పేరు అందుకే. వాడికి 12, నాకు 61. సరిగ్గా చూసుకుంటే ఈ జాతి చిలుకలు 40 నుంచి 60 ఏళ్ళు బతుకుతాయి. చిరిగిన ఫారం వెనకే లెక్క వేశాను. వాడికి 40 వచ్చేసరికి నాకు 89. పిల్లగా తెచ్చుకున్న రోజున ఈ లెక్క ఎందుకు వేయలేదంటే, 49 ఏళ్ళప్పుడు 89 అనేది ఇంకెవరిదో వయసులా ఉంటుంది.

షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే కాకటూ, అంటే తల మీద కుచ్చున్న ఒక రకం చిలుక, ఉండేది. 1934లో జూ తెరిచినప్పుడు వచ్చి, 2016లో 83 ఏళ్ళ వయసులో పోయింది. మొదటి రోజు దానికి గింజలు పెట్టిన మనిషి ఎప్పుడు వెళ్ళిపోయాడో. జూలో అయితే ఒకరు మానేస్తే ఇంకొకరు డ్యూటీకి వస్తారు. మా ఇంట్లో డ్యూటీ నా ఒక్కదానిదే.

అలాగని వాడే ముందు పోకూడదని ఏమీ లేదు. చిలుకల తెలివి మీద పరిశోధన చేసిన ఐరీన్ పెప్పర్‌బర్గ్ దగ్గర రంగులూ ఆకారాలూ చెప్పడం నేర్చుకున్న అలెక్స్ కూడా గ్రేనే, 2007లో 31 ఏళ్ళకే పోయింది. అలా అయితే నాకీ టెన్షన్ ఉండదు కదా అని ఒక్క క్షణం అనుకుని, అనుకున్నందుకు లేచి వెళ్ళి వాడి మెడ గోకి వచ్చాను.

నాలుగేళ్ళ కిందట నేను తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏం జరిగిందో మర్చిపోలేను. పక్కింటావిడ పాపం వేళకి తిండీ నీళ్ళూ పెట్టింది. తిరిగొచ్చేసరికి వాడి గుండెల మీద అరచేతి మేర ఈకలు లేవు. వాడే పీక్కున్నాడు. పలకరించేవాళ్ళు లేకపోతే, రోజు తీరు మారిపోతే ఈ జాతి చిలుకలు ఇలా చేస్తాయని పక్షుల డాక్టరు చెప్పారు. ఈకలు మళ్ళీ రావడానికి నెలలు పట్టింది. తొమ్మిది రోజులకే అంత!

తమ్ముడికి ఫోన్ చేస్తే, "దానిదేముందక్కా, మేం తెచ్చేసుకుంటాం" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటేనే నాకు భయం. వాడింట్లో పొద్దస్తమానం నాన్‌స్టిక్ గిన్నెలే వాడతారు. ఆ గిన్నె ఖాళీగా పొయ్యి మీద మాడితే వచ్చే పొగ మనకి దగ్గు తెప్పిస్తుందేమో గానీ పక్షి ప్రాణం తీస్తుంది. అది చెబితే "అబ్బో, ఇంత ఉందా" అని నవ్వాడు. ఇంకొకాయన అయితే, "చివర్లో గాలిలోకి వదిలేయండి, పుణ్యం" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ గిన్నెలో తిన్నవాడు బయట ఏం వెతుక్కుని తింటాడు? ఆ పుణ్యం నాకొద్దు.

మేనకోడలు మాత్రం వెంటనే ఊఁ అనలేదు. "అత్తా, తెల్లారి ఎంతసేపు అరుస్తాడు? గోళ్ళు ఎవరు కత్తిరిస్తారు? మా చిన్నాడి వేలు కొరికితే?" అని వరసగా అడిగింది. కొరుకుతాడనే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "రెండు వారాలకోసారి వచ్చి వాడితో కూర్చుంటాను. ఒక ఏడాది చూద్దాం, వాడు నన్ను ఒప్పుకుంటే అప్పుడు చెప్తాను" అంది. మా వాళ్ళలో ఇంత తెలివిగా మాట్లాడింది ఇదొక్కతే. కుదరకపోతే చిలుకల్ని ఆదుకునే ఆశ్రయాలు ఉన్నాయి గానీ, చాలాచోట్ల ఖాళీ ఉండదు. అందుకే ముందుగా మాట్లాడి ఉంచుకోవాలి. అది రెండో దారి.

వీలునామా సంగతి కూడా లాయరుని అడిగాను. చట్టం దృష్టిలో పంతులు ఒక వస్తువు. కుర్చీ పేరున డబ్బు రాయలేనట్టే వాడి పేరునా రాయలేను. వాడినీ, వాడి ఖర్చుకి డబ్బునీ కలిపి మనిషి పేరున రాయాలి. ఆ మనిషికి కుదరకపోతే ఎవరో కూడా రాయాలి. కొన్ని దేశాల్లో పెంపుడు జీవాల కోసం ట్రస్టు పెట్టే వీలుందట. ఎంత బాగా రాసినా, వీలునామా తెరిచేసరికి వారాలు పట్టొచ్చు. గిన్నెలో నీళ్ళు అప్పటిదాకా ఉండవు. అందుకని ఇవాళే "ఇంట్లో ఒంటరిగా చిలుక ఉంది" అని, కింద ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన కార్డు పర్సులో పెట్టుకున్నాను. ఇంకో తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. కాలి రింగు నంబరు, కొన్న కాగితాలు ఒక కవర్లో వేశాను. అంతరించే ప్రమాదమున్న జీవాల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2017 నుంచి గ్రే చిలుకలు దాని మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉన్నాయి, దేశం దాటించాలంటే ఆ కాగితాలు లేకుండా కుదరదు.

సాయంత్రం మేనకోడలు వచ్చింది, మొదటి రోజు. దూరంగా కుర్చీ వేసుకుని, వాడి వంక చూడకుండా పుస్తకం చదువుకుంది. నేను చెప్పలేదు, దానికే తోచింది. వాడు గంటసేపు వీపు పెట్టి కూర్చుని, ఆఖర్న "ఎవరూ?" అన్నాడు, తలుపు తీసేటప్పటి నా గొంతుతో. అది పగలబడి నవ్వింది.

తర్వాత ఇద్దరం కూర్చుని నోట్‌బుక్ రాశాం. నేను చెబుతుంటే అది రాసింది. ప్రతి ఆదివారం తూకం వేయాలి. ఇప్పుడు 430 గ్రాములు. పక్షులు జబ్బుని దాచుకుంటాయి, బరువు తగ్గడమే మొదటి సూచన కావచ్చు. చాక్లెట్, అవకాడో దగ్గరికి రానివ్వద్దు. వట్టి గింజలతో సరిపెట్టొద్దు. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర, చీకట్లో. తుమ్మితే మనం "చిరంజీవ" అనాలి, లేకపోతే అనేదాకా తుమ్ముతూనే ఉంటాడు, దొంగ తుమ్ములు.

"రాత్రి దుప్పటి కప్పేటప్పుడు ఏమంటావత్తా?" అని అడిగింది.

"ఏమీ అనను" అన్నాను.

అది వెళ్ళిపోయింది. ఎనిమిదిన్నరకి లైటు తగ్గించి దుప్పటి అందుకున్నానో లేదో, పంజరంలోంచి నా గొంతే, కాస్త అలిసిపోయినట్టు, "అయిపోయిందిరా ఇవాళ్టికి. పడుకో, నేనిక్కడే ఉన్నా" అంది.

దుప్పటి సగం కప్పి, నోట్‌బుక్ తెచ్చుకుని, మాట పొల్లుపోకుండా రాసి పెట్టాను.