టేపు అక్కర్లేని కొలతలు

విదేశంలో చేతిపనికి వద్దామనుకునే కుర్రాళ్ళు ఫోన్ చేసి ముందు జీతం అడుగుతారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "అన్నా, లెక్కలు బాగా రావాలా?" అంటారు. ఇనుప చట్రాలు, మెట్ల రెయిలింగులు చేసే షెడ్డులో పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నా: కూడికలు, తీసివేతలు చాలు. అసలు లెక్క ఎవరో ఎప్పుడో కట్టి పనిముట్టులో దాచేశారు.

చట్రం మూలమట్టంగా, అంటే నాలుగు మూలలూ 90 డిగ్రీలుగా ఉందో లేదో చూడాలంటే కోణాలు కొలవం. ఎదురెదురు కమ్మీలు సమానమని చూసుకున్నాక, ఒక మూల నుంచి ఎదుటి మూలకు సన్నటి బద్ద పట్టి గీత పెడతాం. అదే బద్దను మిగతా రెండు మూలల మధ్య పడతాం. గీత కలిసిందా, చట్రం సరిగ్గా ఉన్నట్టే. కన్నాలకు రెండు కొసల గేజి ఉంటుంది. ఒక కొస దూరాలి, రెండోది దూరకూడదు. రెండూ దూరాయంటే కన్నం పెద్దదైపోయింది, ఆ ముక్క పక్కన పడేయడమే.

నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు పరీక్ష కాగితమేమీ ఇవ్వలేదు. రెండు ఇనుప పలకలిచ్చి అతకమన్నారు. ఆ అతుకు దగ్గర ముక్క కోసి, ప్రెస్సులో పెట్టి యూ ఆకారంలో వంచి, పగులేమైనా వచ్చిందా అని వేలితో తడిమి చూశారు. నా మార్కుల జాబితా సంచిలోంచి బయటికే రాలేదు. భాష రానివాడికి ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఉంటుందని నేననుకోను.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా కంటితోనూ చెవితోనూ. స్టెయిన్‌లెస్ స్టీలు అతుకు లేత బంగారు రంగులో ఉంటే బాగున్నట్టు. బూడిద రంగు తేలితే వేడి ఎక్కువైంది, లేదా అతుక్కి గాలి తగలకుండా వదిలే ఆర్గాన్ గ్యాసు సరిగ్గా కప్పలేదు. మా దగ్గర ఉలులు చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. థర్మామీటరు ముట్టుకోడు. కాలుతున్న ఉక్కుకి అయస్కాంతం ఆనించి చూస్తాడు. అది అంటుకోవడం మానేసిందంటే వేడి 770 డిగ్రీల దగ్గరికి చేరినట్టు. ఇంకాస్త కాల్చి, గట్టిపడడానికి నూనెలో ముంచేస్తాడు. ఆ అంకె నేను తర్వాత తెలుసుకున్నాను. ఆయనకి దాంతో పనే లేదు.

నా గదిలో ఉండే తమ్ముడిది పింగాణీ కర్మాగారం. బట్టీలో చిన్న మట్టి కోనులు నిలబెడతారట, వేడికి అవి వంగిన తీరు చూసి సామాను కాలిందో లేదో చెబుతారట. 1886లో జర్మనీలో సెగర్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి అది, ఇప్పటికీ నడుస్తోంది.

అన్ని పనులూ ఇలా ఉండవు. లెక్కలంటే అసలు పడనివాళ్ళు పైపు ఫిట్టింగు జోలికి పోవద్దు. 45 డిగ్రీల వంపుతో పైపుని పక్కకి జరపాలంటే, జరగాల్సిన దూరాన్ని 1.414తో హెచ్చించి ఏటవాలు ముక్క పొడవు కట్టాలి. అదీ నిచ్చెన మీద నిలబడి. కంప్యూటరుతో నడిచే కోత యంత్రాలైతే అంకెలు తప్ప ఇంకేమీ తినవు. అలాంటివాళ్ళు కుట్టుపని, సోఫాలకు గుడ్డ బిగించడం, చెక్క పాలిష్, అసెంబ్లీ లైను లాంటివి చూసుకోండి.

చెవులు జాగ్రత్త. చేయి చాచినంత దూరంలో ఉన్నవాడితో గొంతెత్తి మాట్లాడాల్సి వస్తోందంటే చప్పుడు చెవిని పాడుచేసే స్థాయికి వచ్చినట్టే. దానికీ మీటరు అక్కర్లేదు. చెవి బిళ్ళలు అడిగి తీసుకోండి, మొహమాటపడకండి.

ఒక్క లెక్క మాత్రం ఎవరికీ అప్పగించకండి. అది జీతం కాగితం. ఎన్ని గంటలు, ఓవర్‌టైము ఏ రేటుకి, గదికి ఎంత కోశారు, ఇవన్నీ మీరే చూసుకోవాలి. ముక్కకింత అని కూలి కట్టే చోట, పనికిరాదని పక్కన పెట్టిన ముక్కలు ఎవరి ఖాతాలో పడుతున్నాయో మొదటి వారమే అడగండి. నేను రోజూ సాయంత్రం చిన్న నోటుబుక్కులో వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ రాసుకుంటాను. ఒక నెల ఓవర్‌టైము తగ్గి కనిపిస్తే ఆ పుస్తకం తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టాను. గుమస్తా తన కాగితాలతో పోల్చి చూసి, మరుసటి నెల జీతంలో కలిపాడు.