చెప్పుల స్టాండును కాపలా కాసిన పిట్ట

మా ఇంట్లో ఉన్నది మగ కాకటీల్, చిలుకల జాతిలో ఒక చిన్న పిట్ట. బూడిద రంగు ఒళ్లు, పసుపు ముఖం, చెంపల మీద నారింజ రంగు చుక్కలు. పేరు బంటి. మావాడు ఇంటర్‌లో ఉండగా హైదరాబాద్‌లో పిట్టలు అమ్మే ముర్గీ చౌక్ నుంచి నల్లగొండకు తెచ్చుకున్నాడు. వాడికి రామచిలుక కావాలని ఉండేది, మా ఆయన ఒప్పుకోలేదు. మన దేశపు చిలుకలను పంజరంలో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఊళ్లో సగం ఇళ్లలో కనిపిస్తాయి, అది వేరే మాట.

మొదట్లో దానంత మంచి పిట్ట లేదు. భుజమెక్కి ఈలలు వేసేది, గోకమని తల వంచేది. మరుసటి ఏడు మృగశిర కార్తె వానలు పడ్డాయో లేదో, పూర్తిగా మారిపోయింది. హాల్లో చెప్పుల స్టాండు కిందికి దూరి కూర్చునేది. ఎవరి కాలు కనబడినా నెత్తి మీది కుచ్చును వెనక్కి అణిచి, నోరు తెరిచి బుస్సుమనేది. మావాడు చెయ్యి చాపితే వేలు పట్టుకుని వదల్లేదు, నెత్తురు వచ్చింది. కానీ వంటింట్లో స్టీలు బిందె ముందు మాత్రం వేరే పిట్ట. అందులో తన నీడ చూసుకుంటూ, రెక్కలు కాస్త పైకెత్తి అటూ ఇటూ నడుస్తూ, ముక్కుతో బిందెను టకటకా కొడుతూ పాటలు పాడేది.

సలహాలకు కొదవలేదు. మా అత్తమ్మ "దిష్టి తగిలింది బిడ్డా, ఉప్పు తిప్పెయ్యి" అంది. తిప్పేశాం. అమ్మినతను ఫోన్‌లో "ఆడదాన్ని తెచ్చి జత చెయ్యండి, అదే సల్లబడతది" అన్నాడు. పక్కింటాయన పానగల్లు చెరువు దగ్గర చెట్లలో వదిలేసి రమ్మన్నాడు. పంజరంలో పుట్టిన ఆస్ట్రేలియా జాతి పిట్టను అక్కడి కాకులు, గద్దలు బతకనిస్తాయా!

ముందు ఇక్కడి పశువుల దవాఖానకే తీసుకెళ్లాను. ఆ డాక్టరు గారు గొర్రెలు, బర్రెలు చూసే మనిషి. పెంపుడు పిట్టలు తనకు అంతగా తెలియవని, హైదరాబాద్‌లో వాటిని చూసేవాళ్ల దగ్గరికి వెళ్లమని దాచుకోకుండా చెప్పారు. అలా చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ బంటిని తూచింది, రెట్ట పరీక్ష చేయించింది, రెక్కలూ కాళ్లూ నొక్కి చూసింది. నొప్పి ఉన్న పిట్ట కూడా కరుస్తుంది, ముందు అది కాదని తేల్చుకోవాలట. జబ్బేమీ లేదని తేలాక పిట్ట సంగతి వదిలి మా ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టింది. రాత్రి లైట్లు ఎప్పుడు ఆపుతారు? ఏం పెడుతున్నారు? ఒళ్లంతా నిమురుతారా? ఎక్కడైనా చీకటి మూల దొరికిందా?

అప్పుడు అర్థమైంది. ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాల్లో వానలు పడి గడ్డిగింజలు దండిగా దొరికినప్పుడు ఈ పిట్టలు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. గుడ్ల మీద రాత్రి ఆడది, పగలు మగది కూర్చుంటుంది. మా ఇంట్లో చెప్పుల స్టాండు తొర్ర అయింది, బిందెలోని నీడ పెళ్లాం అయింది. ఉడికిన గుడ్డు, వేడి వేడి పప్పన్నం రోజూ అందుతున్నాయి. మావాడు వీపు మీదుగా తోక దాకా నిమిరేవాడు, పిట్టల లెక్కలో అది జతగాళ్లు చేసే పని. జూన్‌లో మనకు పగలే 13 గంటలు, ఆపైన రాత్రి 11 దాకా టీవీ, ట్యూబ్‌లైటు. ఇన్ని ఉంటే అది గుడ్ల కాలమని కాక ఏమనుకుంటుంది? లేని గుడ్లను కాపలా కాస్తోంది పాపం.

హార్మోన్లు తగ్గించే ఇంజెక్షన్లు ఉన్నాయి కానీ, ఆగకుండా గుడ్లు పెట్టే ఆడపిట్టలకే ఎక్కువగా వాడతామని, ముందు ఇల్లు మార్చి చూడమని డాక్టరమ్మ చెప్పింది. జత తెస్తే ఇది ఇంకా పెరుగుతుందంది.

చెప్పుల స్టాండు వరండాలోకి వెళ్లింది, బిందె మీద తువ్వాల పడింది. అవి సులువు. గొడవంతా నిద్ర దగ్గర వచ్చింది. రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా చీకటి, నిశ్శబ్దం ఉండాలి. మా అత్తమ్మ సీరియళ్లు మొదలయ్యేదే అప్పుడు. "పిట్ట కోసం టీవీ బంద్ చెయ్యాల్నా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి పంజరాన్నే వెనక గదిలోకి మార్చి, పైన నల్ల బట్ట కప్పాం. అక్కడ ఇంకో తంటా. బల్లి పాకినా, గిన్నె పడినా, కటిక చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకునేది. కాకటీల్‌లకు ఈ రాత్రి భయం మామూలేనట. బట్టను ఒక పక్క కాస్త ఎత్తి, బయట నడవలో జీరో బల్బు పెట్టాక కుదురుకుంది.

తిండిలో గుడ్డు, పప్పన్నం ఆపేశాం. పొద్దుతిరుగుడు గింజలు బాగా తగ్గించాం. కొర్రలు, సజ్జలు, మునగాకు, కొత్తిమీర ఉంచాం. గింజలు గిన్నెలో పోయకుండా కాగితం ఉండల్లో చుట్టి పెడితే, వెతుక్కోవడంతో పొద్దు గడిచేది. పంజరంలో కొమ్మల చోట్లు అప్పుడప్పుడు మార్చేవాళ్లం. ఒకే చోటు తనదని పాతుకుపోకుండా అన్నమాట.

కరిచినప్పుడు చెయ్యి విదిలించొద్దు, అరవొద్దు అంది డాక్టరమ్మ. చెప్పినంత తేలిక కాదు. మన అరుపు దానికి తమాషాగా ఉంటుంది, మళ్లీ కరుస్తుంది. అందుకని కొన్నాళ్లు చెయ్యే ఇవ్వలేదు. వేపపుల్ల చాపి, దాని మీదికి ఎక్కితే కొర్రకంకి ముక్క పెట్టేవాళ్లం. కుచ్చు అణిగినా, ఒళ్లు బిగుసుకున్నా వెనక్కి తగ్గేవాళ్లం. నిమరడం తల, మెడ వరకే. మావాడికి ఇది అన్నిటికంటే కష్టమైంది. బంటి తనను మరిచిపోతుందని వాడి టెన్షన్.

వారంలో ఏమీ కాలేదు. మా ఆయన "డబ్బులు దండగ" అనడం మొదలుపెట్టాడు. బతుకమ్మ పండుగ నాటికి బుసలు తగ్గాయి. పాత ఈకలు రాలి కొత్తవి రావడం మొదలైంది, ఆ చిరాకు కొంతకాలం నడిచింది. దీపావళి పటాసుల భయం గడిచాక ఒకరోజు తనే వచ్చి మావాడి భుజమెక్కింది.

మహబూబ్‌నగర్‌లో మా చెల్లె దగ్గర ఆడ కాకటీల్ ఉంది. మగది లేకుండానే గుడ్లు పెడుతోందని ఫోన్ చేసింది. పెట్టిన గుడ్డును పెట్టినట్టే తీసేస్తే, లోటు పూడ్చడానికి ఇంకోటి పెడుతుంది. అలాగే వదిలేసి, విసుగొచ్చి అదే లేచిపోయాక తీయమన్నాను. పంజరంలో కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ లోపలి పెంకు) ముక్క కట్టమన్నాను. ఈకలు ఉబ్బించుకుని, పంజరం అడుగున కూర్చుని ముక్కుతుంటే మాత్రం గుడ్డు అడ్డం పడ్డట్టే. ప్రాణం మీదికొస్తుంది, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తమని రెండుసార్లు చెప్పి పెట్టేశాను.