ఫ్యాక్టరీ రైఫిలా, ఇంట్లో బిగించుకున్నదా? టెక్సాస్‌లో నా అనుభవం

టెక్సాస్‌లో పొలం ఉన్నవారికి అడవి పందుల బాధ చెప్పనక్కర్లేదు. ఒక్క రాత్రిలో మొలకలన్నీ పెకిలించి పోతాయి. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో వాటిని వేటాడటానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అవసరం లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక మా పొలం కోసం ఏఆర్-15 అనే రైఫిల్ కొనాలనుకున్నాను. హెచ్-1బీ మీద ఉండగా, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కొనే వీలు లేదు.

ఫ్యాక్టరీలో తయారైనది కొనవచ్చు, లేదా భాగాలు తెచ్చుకుని ఇంట్లో బిగించుకోవచ్చు. ఈ రైఫిల్ భాగాల్లో, అమెరికా కేంద్ర చట్టం దృష్టిలో, లోయర్ రిసీవర్ (ట్రిగ్గర్ అమర్చే కింది భాగం) ఒక్కటే తుపాకి. దుకాణంలో ఫారం 4473 (కొనేవారి వివరాల పత్రం) నింపి, నేపథ్య తనిఖీ అయ్యాకే అది చేతికి వస్తుంది. బ్యారెల్ (గొట్టం), బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసే భాగం) వంటివి మామూలు సరుకులా ఇంటికే వస్తాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. అందుకే ఈ పద్ధతి నాకు ఒక పట్టాన మింగుడుపడలేదు.

మా పొరుగు రైతు తన రైఫిల్‌ను తానే బిగించుకున్నాడు. నచ్చిన బ్యారెల్, మెత్తటి ట్రిగ్గర్ ఎంచుకున్నాడు. గురి చక్కగా కుదురుతుంది. నాకూ మనసు అటే లాగింది.

నన్ను ఆపింది వియత్నాం యుద్ధంలో ఎం16కు, అంటే ఏఆర్-15 సైనిక రూపానికి, జరిగినది. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఆ రైఫిల్‌కు తూటాలోని మందు రకం మార్చారు. ఛాంబర్‌కు (తూటా కూర్చునే గదికి) క్రోమ్ పూత వేయలేదు. శుభ్రం చేసుకునే సామగ్రి కూడా చాలామంది సైనికులకు అందలేదు. పోరు మధ్యలో తుపాకులు పట్టేశాయి, మనుషులు చనిపోయారు. ఆ లోపాలు సరిదిద్దాక అదే నమూనా దశాబ్దాలపాటు పనిచేసింది. మంచి నమూనా ఒక్కటే చాలదు, భాగాలూ మందూ ఒకదానితో ఒకటి పొసగాలి. నాలుగు కంపెనీల భాగాలు కలిపినప్పుడు బోల్ట్‌కూ ఛాంబర్‌కూ మధ్య కొలత సరిగా ఉందో లేదో గేజీతో చూడాల్సింది నేనే. ఆ అనుభవం నాకు లేదు. కొలత తేడాగా ఉంటే ప్రమాదం కళ్లకు దగ్గరలోనే ఉంటుంది.

అందుకని ఫ్యాక్టరీ రైఫిల్‌నే ఎంచుకున్నాను, కానీ పేరు చూసి కాదు. బోల్ట్‌లో కంటికి కనిపించని పగుళ్ల కోసం అయస్కాంత పరీక్ష చేశారా, బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉందా అని అడిగాను. ఛాంబర్ 5.56 కొలతదో కాదో బ్యారెల్ మీది ముద్ర చూశాను. దాదాపు అదే సైజు తూటా వాడే .223 రకం ఛాంబర్‌లో 5.56 తూటా పేలిస్తే పీడనం హద్దు మీరవచ్చు.

తరువాత, పొలంలో వాడబోయే తూటాలతోనే రేంజిలో పరీక్షించాను. మ్యాగజైన్లకు (తూటాలు నింపే పెట్టెలకు) నంబర్లు రాసి పెట్టుకున్నాను. తూటా అడ్డం పడినప్పుడల్లా రైఫిల్‌లో ఉన్నది ఒకే మ్యాగజైన్. దాన్ని తీసేశాక మళ్లీ ఇబ్బంది రాలేదు. నంబర్లు లేకపోతే నేరం రైఫిల్ మీదకే పోయేది.

ట్రిగ్గర్ మాత్రం కాస్త గట్టిది. పొరుగాయన మార్చుకోమంటున్నాడు. మారిస్తే పరీక్షంతా మళ్లీ మొదటినుంచి చేయాలి, కాబట్టి అలాగే వాడుతున్నాను.