గ్యాస్ అన్నారు

ఇది రాయడానికి ఇంతకాలం చెయ్యి రాలేదు. 2022 నవంబరు 14, కార్తీకమాసం మూడో సోమవారం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి కుడి భుజం మీదకి పోతుంది.

మాది జంగారెడ్డిగూడెం. నేను ఓ ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. మావారిది ఎరువుల కొట్టు. పాపకి అప్పటికి నాలుగేళ్లు. ఇంకొకరు పుడితే బావుణ్ణని ఉండేది కానీ, దేవుడిచ్చినప్పుడు చూద్దాంలే అని ఊరుకున్నాం.

ఆ ఏడు దసరా నవరాత్రులు మొదలైన రోజే నాకు డేట్ వచ్చింది. పూజలో కూర్చోలేకపోయానని బాధపడ్డాను కాబట్టి బాగా గుర్తు. తర్వాతిది రావలసిన రోజుకి రాలేదు. నాగుల చవితి వెళ్లాక కొంచెం కనిపించింది. ఎప్పటిలా కాదు, గోధుమరంగులో రెండు రోజులు మరకలా పడి ఆగిపోయింది. వచ్చేసిందిలే అనుకున్నాను. పొత్తికడుపులో కుడిపక్క అప్పుడప్పుడు పట్టేసినట్టుండేది. అదీ డేట్ నొప్పే అనుకున్నాను. ఆ రెండు రోజుల్లో మెడికల్ షాపుకెళ్లి యాభై రూపాయలు పెట్టి ప్రెగ్నెన్సీ కిట్ కొనుక్కుని ఉంటే ఇవాళ రాయడానికి ఇంత కథ ఉండేది కాదు.

సోమవారం పొద్దుటి నుంచి ఉపవాసం. సాయంత్రం గుళ్లో దీపాలు పెట్టి ఇంటికొచ్చి, వంగి చెప్పులు తీస్తుంటే కడుపులో ఏదో పుటుక్కున తెగినట్టయింది. చెమటలు పట్టేశాయి. విరేచనానికి వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే ఏమీ రాదు. ఎనిమిదింటికి మావారు బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పేరు రాయను. కుర్చీలోంచి లేవలేదు, నా పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదమ్మా, గ్యాస్ కాక ఇంకేం ఉంటుంది? ఈ నెలంతా నా దగ్గరికి వచ్చేది మీలాంటి ఉపవాసాల వాళ్లే" అన్నారు. ఇంజెక్షన్ చేసి, ఏదో సిరప్ రాసి, మజ్జిగన్నం తినమని పంపేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను కూడా నమ్మాను, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రాత్రి పడుకుంటే కడుపు సంగతి అలా ఉంచి, కుడి భుజం చివర నొప్పి మొదలైంది. ఎముకలో మేకు దిగినట్టు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. పన్నెండు దాటాక మావారిని లేపాను. "ఇంజెక్షన్ చేశారు కదా, పని చెయ్యనీ. తెల్లారాక చూద్దాం" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదని చెప్పలేను. ఉంది. తర్వాత మూడు నెలలు ఆయన నిద్రపోకుండా నా ఊపిరి చూస్తూ కూర్చున్నారు, అదీ నాకు తెలుసు. రెండూ నిజమే.

ఒంటిగంటప్పుడు బాత్రూం గుమ్మంలో పడిపోయాను. చప్పుడుకి అత్తయ్య వచ్చారు. లైటు వేసి, నా కింది రెప్ప లాగి చూశారు. నాలుక చాపమన్నారు. "నువ్వు బయట చేరింది ఎప్పుడే?" అని అడిగారు. ఆ రోజు మొత్తంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఐదో తరగతి కూడా చదవలేదు. గోధుమరంగు మరక సంగతి చెప్పాను. "అది రావడం కాదే తల్లీ" అని, కొడుకు వైపు తిరిగి "ఇది గ్యాస్ కాదురా. మా చెల్లెలు ఇలాగే తెల్లగా పాలిపోయి తెల్లారేసరికి పోయింది. లే, కారు చూడు" అని అరిచారు.

పక్కింటివాళ్ల కారులో ఏలూరు బయల్దేరాం. యాభై కిలోమీటర్లు. అత్తయ్య ఒళ్లో నా తల. నాకు ఆ దారి ముక్కలు ముక్కలుగా గుర్తుంది: కామవరపుకోటలో ఎక్కడో ఒక వీధిదీపం, కాళ్లు మంచులో పెట్టినట్టు చల్లబడటం, చెవుల్లో హోరు. పాప ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. అప్పుడు భయమేసింది, నిజంగా పోతున్నానని. నేను కళ్లు మూసినప్పుడల్లా ఆవిడ చెంప మీద కొట్టి "పలుకు, పలకవే" అంటున్నారు. మధ్యలో మద్ది ఆంజనేయస్వామికి మొక్కుతున్నారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న పిల్ల, పాతికేళ్లుంటాయేమో. బీపీ చూస్తూనే మొదటి ప్రశ్న "లాస్ట్ పీరియడ్ ఎప్పుడండీ?" రెండో ప్రశ్న "భుజం ఏమైనా లాగుతోందా?" నేను చెప్పకుండానే అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. మూత్రం పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. స్కానింగులో గర్భసంచి ఖాళీగా ఉంది, కడుపు నిండా రక్తం. హిమోగ్లోబిన్ ఆరు. సంతకాలు, థియేటరు, మత్తు, ఆ తర్వాతవి నాకు తెలియవు. మూడు ప్యాకెట్లు రక్తం ఎక్కించారట. ఇద్దరు మావారి స్నేహితులు ఇచ్చారు. వాళ్లకి నేను ఎన్ని జన్మలెత్తినా రుణపడే ఉంటాను. కుడివైపు ట్యూబు తీసేశారు.

ట్యూబులో గర్భం. పదేళ్లుగా బోర్డు మీద గీస్తున్న బొమ్మే. గర్భసంచి, రెండు పక్కలా కొమ్ముల్లా నాళాలు, వాటి చివర అండాశయాలు. ఆ పాఠం వచ్చినప్పుడల్లా మగపిల్లలు నవ్వుతారని గబగబా చదివించేసి, బొమ్మ భాగాలు గుర్తించండి అని వదిలేసేదాన్ని. ఆ నాళం పది, పన్నెండు సెంటీమీటర్లుంటుందని చెప్పాను కానీ, అది ఎంత సున్నితమైన దారో ఎప్పుడూ ఆలోచించలేదు. అండం విడుదలయ్యాక బతికేది మహా అయితే ఒక్క రోజు. వీర్యకణం దాన్ని కలిసేది గర్భసంచిలో కాదు, ఆ నాళంలోనే. కలిశాక, లోపలి సన్నటి నూగు నెట్టుకుంటూ పోతే గర్భసంచి చేరడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. దారి ఎక్కడైనా దెబ్బతిని ఉంటే మధ్యలోనే అతుక్కుంటుంది. గర్భసంచిలా నాళం సాగదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పగిలిపోవచ్చు. నాకు సరిగ్గా ఏడో వారం. కారిన రక్తం కడుపులో పైకి చేరి ఉదరవితానాన్ని, అంటే ఊపిరితిత్తుల కిందుండే కండర పొరని తాకితే, దాని నరమూ భుజం నరమూ మెడలో ఒకే చోట మొదలవుతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. ఆ డ్యూటీ డాక్టరమ్మే మర్నాడు మంచం పక్కన నిలబడి ఓపిగ్గా చెప్పింది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరుగారు నాళం చుట్టూ పాత అతుకులు, అంటే లోపలి పొరలు ఎప్పుడో ఒకదానికొకటి అంటుకుపోయిన గుర్తులు ఉన్నాయన్నారు. పాప పుట్టాక కొన్నాళ్లు నాకు వాసనతో తెల్లబట్ట అయింది, నడుం నొప్పి ఉండేది. సిగ్గుపడి ఎవరికీ చూపించుకోలేదు. దానివల్లే అని ఆవిడ ఖాయంగా చెప్పలేదు. ఏ కారణమూ కనిపించని వాళ్లే సగం మంది ఉంటారన్నారు. ముందే తెలిసి ఉంటే, పగలక ముందు కొందరికి ఇంజెక్షన్‌తోనే తగ్గుతుందని కూడా చెప్పారు. నాగుల చవితి నాటి ఆ మరక నా కళ్లముందు తిరిగింది.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ, బంధువే, ఆపిల్స్ సంచి నా మంచం మీద పెట్టి "ఒక ట్యూబు పోయిందిగా, ఇంక నెల విడిచి నెలే ఆశ" అంది. ఆ మాట నన్ను కుట్ల కంటే ఎక్కువ రోజులు సలిపింది. తర్వాత చెకప్‌లో భయం భయంగా అడిగితే డాక్టరమ్మ అదేం కాదన్నారు. నాళం అండాశయానికి అతుక్కుని ఉండదు. వేళ్లలాంటి అంచులతో అండాన్ని అందుకుంటుంది. కుడి అండాశయం వదిలిన అండాన్ని ఎడమ నాళం కూడా అందుకోగలదు. అలాంటి ఆశ కూడా మన ఒంట్లోనే దాగి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు.

నడవగలిగాక డిశ్చార్జి కాగితం పట్టుకుని ఆ మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. వద్దన్నారు మావారు. వెళ్లాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, "మీరు డేట్ సంగతి చెప్పలేదు కదమ్మా" అన్నారు. "మీరు అడగలేదండీ" అన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చి చాలాసేపు వణికాను.

ఇప్పుడు ఆ పాఠం నాలుగు రోజులు చెబుతాను, అబ్బాయిల ముందే. డేట్ ఏ రోజు వచ్చిందో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోమని ఆడపిల్లలకి చెబుతాను. మీరు కూడా పెట్టుకోండి. పెళ్లయిన ఆడవాళ్లు డేట్ తప్పినా, వేళ తప్పి కొంచెమే కనిపించినా, కడుపు నొప్పితో పాటు భుజం లాగినా, కళ్లు తిరిగినా, అది గ్యాసేనని ఎవరు చెప్పినా సరే, ముందు మూత్రం పరీక్ష చేయించుకోండి. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చెయ్యండి. ఒకసారి ఇలా అయినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం పదిమందిలో ఒకరికి ఉంటుందట. అందుకే రెండోసారి నెల తప్పగానే ఆరో వారంలో స్కానింగుకి పరిగెత్తాను. తెర నా వైపు తిప్పి "గర్భసంచిలోనే ఉందమ్మా" అన్నారు. బాబు 2024లో పుట్టాడు.

బాబుకి ముందే, ఆపరేషనయిన ఆర్నెల్లకి, గుర్వాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామికి మొక్కు తీర్చుకున్నాం. నేను పదకొండు ప్రదక్షిణలు చేసి కూర్చుండిపోయాను. అత్తయ్య మోకాళ్ల నొప్పులతోనే నూట ఎనిమిదీ చేశారు. ప్రసాదం తెచ్చి నా పక్కన కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెట్టు వైపే చూస్తూ అన్నారు: "మా చెల్లెలికి గాలి సోకిందని వేపమండలు తెచ్చారే. బండి కట్టమని ఒక్కరికీ తోచలేదు. పంతొమ్మిదేళ్లు దానికి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.