ఆకలి చచ్చిన రోజుల్లో కండ పెంచడం

హనుమకొండలోని ఇల్లు విడిచి కరీంనగర్ వైపు ఒక బ్యాంకు శాఖకు బదిలీ మీద వెళ్లిన తర్వాత నేను జిమ్‌లో చేరాను. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. అంటే బీఎంఐ (ఎత్తుకు బరువు తగినంత ఉందో లేదో చెప్పే కొలత) 17.6, ఉండవలసిన కనీసం 18.5 కంటే తక్కువ. కొన్ని నెలల్లో స్క్వాట్‌లోనూ బెంచ్ ప్రెస్‌లోనూ ఎత్తే బరువు పెరిగింది గానీ నా బరువు మాత్రం అక్కడే ఉండిపోయింది. "అన్నా, వర్కౌట్ మంచిగనే చేస్తున్నవ్, తినేదే సరిపోతలేదు" అన్నాడు ట్రైనర్. మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటున్న మాటే కనుక అది నాకు కొత్తగా అనిపించలేదు. దాన్ని లెక్కగట్టి చూడడమే కొత్త.

తిండి పెంచే ముందు ఒక వైద్యుణ్ణి కలిశాను. తిన్నా ఒళ్లు చేయకపోవడానికి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, మధుమేహం, పేగుల్లో పురుగులు వంటి కారణాలు కూడా ఉంటాయి కాబట్టి ఆయన రక్త పరీక్షలు రాశారు. వాటిలో తేడా ఏమీ కనిపించలేదు. నివేదికలు పక్కన పెట్టి, "మధ్యాహ్నం భోజనం ఎన్ని గంటలకు చేస్తారు, ఎంతసేపు కూర్చుంటారు?" అని ఆయన అడిగినప్పుడు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను.

వంటింటి తూకం ఒకటి కొని, ఏమీ మార్చకుండా, మామూలుగా తినేదాన్నే కొద్ది రోజులు తూచి రాశాను. రోజుకు 1,800 కేలరీల దగ్గర ఆగుతున్నాను. మాంసకృత్తుల విషయానికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి చెప్పిన లెక్క కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు, ఆ ప్రకారం నాకు 45 గ్రాములు చాలు, అవి అందుతూనే ఉన్నాయి. అయితే అది మామూలు ఆరోగ్యానికి సరిపోయే కొలత. బరువులు ఎత్తి కండ పెంచాలనుకునేవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు ఉపయోగపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి కనుక నా లక్ష్యం 86 గ్రాములైంది. వంద గ్రాముల అన్నంలో మూడు గ్రాములకు మించి మాంసకృత్తులు లేవని తెలిసినప్పుడు, పప్పు తక్కువ, చారు ఎక్కువ ఉండే మా మెస్ భోజనం ఎందుకు సరిపోవడం లేదో అర్థమైంది.

ట్రైనర్ ఇచ్చిన పట్టికలో ఓట్స్, బ్రౌన్ రైస్, ఉడికించిన చికెన్, పెద్ద గిన్నెడు సలాడ్ ఉన్నాయి. అవి మంచి ఆహారమే గానీ, నా అభిప్రాయంలో అది బరువు తగ్గవలసినవారి పట్టిక. పీచు ఎక్కువై, నమలడం ఎక్కువై, సగం తినేసరికే కడుపు నిండిపోయేది. నేను తిరిగి తెల్లన్నానికే వచ్చి, ముద్దపప్పులో నెయ్యి కాస్త ఎక్కువగా వేసుకోవడం మొదలుపెట్టాను. ఒక టీస్పూను నెయ్యిలో 45 కేలరీలు ఉంటాయి, అది కడుపులో చోటు తీసుకోదు. రోజూ నాలుగు గుడ్లు తప్పనిసరి చేశాను. భోజనానికి ముందు, మధ్యలో గ్లాసులకొద్దీ నీళ్లు తాగడం మానేశాను.

ఇంత చేసినా పని ఒత్తిడి ఉన్న రోజుల్లో లెక్క తప్పేది. పంట రుణాల రెన్యూవల్ సమయంలో కౌంటర్ ముందు వరుస తరగదు, పైనుంచి బీమా పాలసీల లక్ష్యాల కోసం ఫోన్లు ఆగవు. అలాంటి రోజున డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తినేసరికి గొంతు దగ్గర అడ్డం పడినట్టుండేది. శరీరం ఆపదలో ఉన్నప్పటిలా సిద్ధమైనప్పుడు జీర్ణాశయం పని మందగిస్తుంది, ఆహారం ముందుకు కదలడం ఆలస్యమవుతుంది. అందరికీ ఇలాగే జరగదు. మా శాఖలోనే ఒక సహోద్యోగి ఒత్తిడి పెరిగితే సాయంత్రం రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తింటారు. నా శరీరం రెండో రకం కాదు కాబట్టి, "ఆకలి వేసినప్పుడు తిను" అనే సలహా నాకు ఏమాత్రం పనికిరాలేదు.

ఆకలిని అడగకుండా గడియారాన్ని చూసి తినడం అప్పుడే మొదలైంది. పదకొండున్నర గంటల టీని భోజనం తర్వాతకు జరిపాను, ఎందుకంటే ఆ తీపి టీ ఒక్కటే నా మధ్యాహ్నపు ఆకలిని సగం తినేసేది. తినే ముందు కొద్ది నిమిషాలు ఫోన్ సొరుగులో పెట్టి శాఖ వెనక ఖాళీ స్థలంలో నడిచి రావడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, డబ్బా ఖాళీ కావడానికి అదే ఎక్కువగా తోడ్పడింది. నమలలేని రోజులకు తాగే ఆహారం ఏర్పాటు చేసుకున్నాను: 300 మిల్లీలీటర్ల గేదె పాలు, రెండు అరటిపండ్లు, 30 గ్రాముల వేయించిన పల్లీలు, కొంచెం బెల్లం, అన్నీ కలిపి మిక్సీలో తిప్పితే దాదాపు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ప్రోటీన్ పౌడర్ జోలికి పోలేదు. తక్కువ పడినప్పుడు వెన్న తీసిన పాలపొడి రెండు చెంచాలు అందులోనే కలిపేవాణ్ణి. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు అది చూసి అమ్మ, "గిదేం తిండిరా, ముసలోళ్లు తాగినట్టు!" అని, తిరిగి వచ్చేటప్పుడు సంచీ నిండా సకినాలు, నువ్వుల లడ్డూలు కట్టి ఇచ్చింది. సకినాల్లో కేలరీలకు లోటు లేదు గానీ మాంసకృత్తులు అంతంతమాత్రమే; లడ్డూలు మాత్రం నిజంగా అక్కరకొచ్చాయి.

కొంతకాలానికి తిండి లెక్కే ఇంకో ఒత్తిడిగా మారింది. పగలంతా బ్యాంకు లక్ష్యాలు, రాత్రి పది గంటలకు ఇంకా 22 గ్రాముల మాంసకృత్తులు బాకీ! నిద్రకు ముందు బలవంతంగా తిని, కడుపు బరువుతో నిద్రపట్టక, మర్నాడు ఉదయం ఇంకా తక్కువ తినేవాణ్ణి. అందుకని రోజువారీ లెక్క మానేసి వారం మొత్తానికి సగటు చూడసాగాను; ఆదివారం మటన్, శనివారం తీరిగ్గా తిన్న పెసరట్లు బుధవారపు లోటును పూడ్చేవి. బరువు కూడా రోజుకో రకంగా మారుతుంది కాబట్టి వారపు సగటునే నమ్మాను. నెలకు ఒక కిలో పెరిగితే చాలనుకున్నాను, ఎక్కువైతే అందులో కొవ్వు వాటా పెరుగుతుంది.

మార్చి నెల సంగతి వేరు. ఆర్థిక సంవత్సరం ముగింపు రోజుల్లో రాత్రి తొమ్మిది దాటినా శాఖలోనే ఉంటాం. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చేత 12 వారాలు బరువులు ఎత్తించి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జీవితంలో ఒత్తిడి తక్కువగా ఉన్నవారికే బెంచ్ ప్రెస్, స్క్వాట్‌లలో బలం ఎక్కువగా పెరిగినట్టు తేలింది. అది చదివాక మార్చిలో కండ పెంచాలన్న పట్టుదలే వదిలిపెట్టి, ఉన్నది కాపాడుకుంటే చాలనుకున్నాను. ఎత్తే బరువు తగ్గించకుండా సెట్లు (ఒక్కో వ్యాయామాన్ని చేసే విడతలు) సగానికి పైగా తగ్గించి, వారంలో రెండు రోజులే జిమ్‌కు వెళ్లాను. అలా మిగిలిన సమయం నిద్రకు వాడుకున్నాను. ఏప్రిల్‌లో మళ్లీ పూర్తి వ్యాయామం మొదలుపెట్టినప్పుడు ఎత్తగలిగే బరువు దాదాపు అలాగే ఉంది, శరీరం బరువు మాత్రం అర కిలో తగ్గింది.

ఇప్పుడు నా బరువు 63 కిలోలు. నడుము చుట్టుకొలత కూడా కొంచెం పెరిగింది, పాత ప్యాంట్లు రెండు పక్కన పెట్టవలసి వచ్చింది. గత కొన్ని వారాలుగా సగటు కదలడం లేదు. శరీరం బరువెక్కిన కొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది కాబట్టి రోజుకు మరో 200 కేలరీలు కలపాలి. రాత్రి భోజనంలో అన్నం ఇంకా పెంచడం నావల్ల కాదు, ఆ పాల గ్లాసునే సాయంత్రం శాఖ నుంచి రాగానే రెండోసారి సగం తాగి చూస్తున్నాను.