క్యోటో రథాల పండగ, ఒక మలుపు

జూలైలో క్యోటో వెళ్తున్నానంటే అందరూ వద్దన్నారు, ఉక్కపోతకి చస్తావని. కానీ అక్కడి రథాల పండగ గియోన్ మత్సురి జరిగేదే జూలైలో, నెలంతా ఏదో ఒకటి ఉంటుంది గానీ పెద్ద ఊరేగింపు 17వ తేదీ పొద్దున.

ముందురోజు రాత్రి షిజో వీధిలో ఇసకేస్తే రాలని జనం. లాంతర్లు వేలాడదీసిన రథాల మీద కూర్చుని గంటలు వాయిస్తున్నారు, ఆ చప్పుడుని అక్కడ 'కొన్‌చికిచిన్' అంటారు. ఒకచోట ఆకుల్లో చుట్టిన చిమాకి అమ్ముతుంటే తినేదే కదా అని కొన్నాను. విప్పబోతుంటే అమ్మిన పెద్దావిడ కంగారుగా చేతులు అడ్డం ఊపింది. తినే చిమాకి వేరట, ఇది రోగాలు రాకుండా ఏడాదంతా గుమ్మానికి కట్టుకునే రక్ష!

అసలు పండగ పుట్టిందే రోగాల వల్ల. 869లో అంటురోగం ప్రబలితే 66 ఈటెలు నిలబెట్టి పూజలు చేశారు. ఇప్పటి యసాకా గుడికి పాత పేరు గియోన్, బుద్ధుడు ఉన్న జేతవనాన్ని జపాన్‌లో పిలిచే పేరులోంచి వచ్చింది. మా సికింద్రాబాద్ బోనాలకీ 1813 నాటి మహమ్మారి కథే చెప్తారు, ఆషాఢంలోనే.

మర్నాడు ఏడింటికే షిజో కవారామాచి కూడలిలో చోటు పట్టుకున్నాను. ఊరేగింపులో మొత్తం 23 రథాలు, అన్నిటికంటే ముందు నగినాతా హోకో. దాని మీదున్న పిల్లాడు దారికి అడ్డంగా కట్టిన తాడుని కత్తితో తెంపి ఊరేగింపు మొదలెట్టడం నాకు కనపడలేదు, పక్కనెవరో ఫోన్‌లో లైవ్ పెడితే చూశాను.

కానీ మలుపు మాత్రం కళ్లముందే. పెద్ద రథాలు పన్నెండు టన్నుల దాకా ఉంటాయి, చట్రమంతా మేకులు లేకుండా తాళ్లతో బిగించిందే, ఇక చక్రాలా, పక్కకి తిరగనే తిరగవు. అందుకని ముందు చక్రాల కింద పచ్చి వెదురు బద్దలు పరిచి, బకెట్లతో నీళ్లు కుమ్మరించి, మోకులు పక్కకి మార్చుకున్నారు. ముందు నిలబడ్డవాళ్లు విసనకర్రలు ఊపుతూ కేక పెట్టగానే అంతా ఒక్కసారిగా లాగారు. కిర్రుమంది. పైనున్న నిలువు కొయ్య ఊగిపోతుంటే నేను వెనక్కి తగ్గాను, రథం కప్పు మీద కూర్చున్నవాళ్లు మాత్రం కదల్లేదు. జానెడు తిరిగిందేమో అనుకున్నా, నిజానికి చాలానే తిరిగింది. మళ్లీ బద్దలు సర్ది, మళ్లీ నీళ్లు, మళ్లీ కేక. మూడోసారికి రథం ఉత్తరం వైపు తిరిగి నిలబడింది, చప్పట్లు మారుమోగాయి.

చప్పట్లు ఆగకముందే కుర్రాళ్లు తడి బద్దలు ఏరుకుని రథం వెనకాల పరుగెత్తారు, ముందు ఇంకో మలుపు ఉంది మరి.