పాడుబడ్డ ఇళ్ళు గీసే పిల్ల

మా అమ్మాయి కూలిపోయిన ఇళ్ళ బొమ్మలు వేస్తుంది. పూలు, పిల్లులు, కార్టూన్లు అన్నీ అయ్యాయి, ఏదీ నిలవలేదు. ఇది మాత్రం హైస్కూల్లో చేరినప్పటి నుంచి వదల్లేదు. మేముండేది అమెరికాలో, డెట్రాయిట్ పక్కన. అక్కడ ఖాళీ కట్టడాలకు కొదవ లేదు. 1913లో తెరిచిన మిషిగన్ సెంట్రల్ స్టేషన్ నుంచి 1988లో ఆఖరి రైలు వెళ్ళిపోయింది. అంత పెద్ద భవనం అద్దాలు పగిలి, వాన కారుతూ ఏళ్ళ తరబడి అట్లాగే నిలబడింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని, బాగు చేయించి, 2024లో మళ్ళీ తెరిచింది. జనమంతా ఆ కొత్త మెరుపు చూస్తుంటే మా పిల్ల పాత ఫోటోలు వెతికి వాటినే గీసుకుంది.

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో ఇది ఎవరికీ మింగుడుపడలేదు. "దీపం పెట్టని కొంపల్ల ఏం చూస్తవు బిడ్డా, గుడి బొమ్మ గియ్యరాదా?" అంటుంది మా అమ్మ. మన దగ్గర పాడుబడ్డ ఇల్లంటే అరిష్టం, లేదా పరువు తక్కువ. ఫోటో తీసినా ఆ మూల పడకుండా తీస్తాం. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. సెలవులకు ఊరికొచ్చిన మన పిల్లల సంగతి అందరికీ తెలిసిందే: యాదగిరిగుట్ట దర్శనం, హైదరాబాద్ మాల్స్, చుట్టాలిళ్ళల్లో భోజనాలు, మిగతా టైమంతా ఫోను. ఈ పిల్ల తనంతట తాను ఒక ఇంటి తాళం తీయమని తాతను అడిగింది.

ఆ ఇల్లు దేవరకొండ దగ్గర మా ఊళ్ళో ఉన్న పాత మిద్దె. రాతి గోడలు, మట్టి కప్పు. బాపు, అంటే మా నాన్న, పుట్టింది అందులోనే. ముందు ఒప్పుకోలేదు కానీ, మనవరాలు అడిగితే ఎంతసేపు కాదంటాడు? డిసెంబర్ కాబట్టి నేనూ సరేనన్నాను. వానాకాలమైతే తడిసిన గోడ ఎప్పుడు మీద పడుతుందో చెప్పలేం. బాపు కట్టెతో నేల కొట్టుకుంటూ ముందు నడిచాడు, పాములుంటాయని.

నడిమి అర్రలో కప్పు సగం దిగిపోయింది. దూలం ఒక కొస గోడలో, ఇంకో కొస నేల మీద. పెచ్చు ఊడిన చోట గోడ పొరలు పొరలుగా కనబడుతోంది: పైన నీలం కలిపిన సున్నం, దాని కింద తెలుపు, దాని కింద ఎర్రటి జాజు, మళ్ళీ తెలుపు. "నీలం మా చిన్న తమ్ముని పెండ్లికి ఏసిన్రు" అన్నాడు బాపు. "నువ్వు చిన్నగున్నప్పుడు ఏ రంగు తాతా?" అని అడిగింది. ఆయన వేలు పెట్టి ఆ ఎర్ర పొర చూపించాడు. పిల్ల చాలాసేపు అక్కడే నిలబడింది. అప్పటిదాకా తాత ఊరంటే దానికి వేడి, దోమలు, తెలియని మనుషుల పలకరింపులు. తాత చిన్నతనం గోడలో ఫలానా చోట ఉందని తెలిశాక ప్రశ్నలు మొదలయ్యాయి.

ఇల్లు ఎందుకు కూలుతుందో కూడా ఆయనే చెప్పాడు. మట్టి మిద్దె మీద వానలకు ముందు చౌడు మన్ను పోసి తొక్కించాలి. అది తడిస్తే బిగుసుకుని నీళ్ళు దిగనివ్వదు. ఇంట్లో మనుషులుంటే పొయ్యి పొగ కట్టెకు పట్టి పురుగును దూరం పెడుతుంది. మనుషులు పోతే ఈ రెండూ ఆగిపోతాయి. గోడలో దూరిన దూలం కొస ముందు కుళ్ళుతుంది, తర్వాత చెదలు. పిట్ట రెట్టలో పడిన రావి గింజ పగుల్లో మొలిచి రాళ్ళను విడదీస్తుంది. మరి బాగు చేయించరెందుకు? అన్నదమ్ముల పాళ్ళు తేలలేదు. ఎవరి పాలో తెలియని ఇంటికి ఎవరు డబ్బు పెడతారు? ఇవన్నీ విన్నాక దాని గీత మారింది. దూలం బరువు మొగురం (కట్టె స్తంభం) మీదికి, మొగురం బరువు కింది రాతి మీదికి ఎట్లా దిగుతుందో ముందు గీసుకుని, ఆ తర్వాతే పగుళ్ళు వేసింది.

రంగులు కూడా అక్కడివే. రాలిన సున్నం పెచ్చు, జాజు, పొయ్యిలో మిగిలిన బొగ్గు, చెలకలోని ఎర్రమన్ను. కొత్త సున్నం నేను ముట్టనివ్వలేదు, చేతులు కాలుతాయి. పాత పెచ్చు గాలి పట్టి ఎప్పుడో రాయిలా మారిపోయి ఉంటుంది, నూరితే ఉత్త సుద్దపొడి. జిగురుకు తుమ్మ బంక రాత్రంతా నానబెట్టి బట్టలో వడగట్టాం. నీటిరంగుల్లో వాడే గమ్ అరబిక్ కూడా తుమ్మ జాతి చెట్ల బంకే. బంక తక్కువైతే రంగు పొడిలా రాలింది, ఎక్కువైతే ఆరాక పగిలింది. "దీపం లేని కొంప" అన్న మా అమ్మే రోలు కడిగిచ్చి, పక్కన కూర్చుని నూరింది.

దర్వాజ మీద కాగితం అదిమి బొగ్గుతో రుద్దితే చెక్కిన పువ్వులతో పాటు నిలువు గీతల వరుసలు తేలాయి. కంటికి ఆనలేదవి. పాల లెక్కకు మా నానమ్మ మేకుతో గీసినవట. (నల్లగొండ పక్కనున్న పానగల్ పాత గుళ్ళలో ఇట్లా రుద్దనివ్వలేదు. పచ్చల సోమేశ్వరాలయం రాయి మన ఇంటి తలుపు కాదు, అక్కడ చూసి గీయాల్సిందే.)

పక్క ఊళ్ళో గడీ ఉంది, దొరల కోటలాంటి ఇల్లు. పెద్ద కమాను, దాని మీద రావి చెట్టు, ఆకుల సందుల్లోంచి ఎండ. ఎవరికైనా గీయాలనిపిస్తుంది. మా పిల్ల గీస్తుంటే గొర్లు తోలుకొచ్చిన ఒక పెద్దాయన ఆగి చూశాడు. "గింత సక్కగ లేకుండె బిడ్డా. మా నాయిన ఈ దర్వాజ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. వెట్టికి పిలిస్తే బువ్వ ఇడిసి పోవాలె. కూలనీ, మంచిగ కూలనీ" అన్నాడు. దానికి సగమే అర్థమైంది. మిగతాది ఆ రాత్రి నేను చెప్పాను: దొరలు, వెట్టి, 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరగడం, కడవెండి ఉన్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండటం, 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, మధ్యలో 1949లో జాగీర్ల రద్దు. స్కూల్లో వాళ్ళు చదివే బానిసత్వం సంగతులు గుర్తు చేసుకుంటూ అడిగింది, ఒకటీ దాచకుండా చెప్పాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళి నేల మీద కూర్చుని గీసింది. ఈసారి కమాను పైభాగం కాగితంలో పట్టలేదు. కాగితంలో సగం, జనం బయట నిలబడాల్సి వచ్చిన మట్టి నేలే. చెట్టు లేదు, ఎండ లేదు. పెద్దాయనకు చూపిస్తే "గిట్లుండె" అన్నాడు.

డెట్రాయిట్ జనం పడే బాధ దానికి ఇక్కడే అర్థమైంది. బయటి నుంచి కెమెరాలతో వచ్చి తమ ఊరిని మనుషుల్లేని శ్మశానంలా చూపిస్తారని వాళ్ళ కోపం. అదే ఊళ్ళో టైరీ గైటన్ అనే చిత్రకారుడు 1986లో తన తాత సామ్ మాకీతో కలిసి హైడెల్‌బర్గ్ వీధిలోని ఖాళీ ఇళ్ళకు రంగుల చుక్కలు పెట్టి, పారేసిన బొమ్మలు, బూట్లు వేలాడదీసి వీధినే చిత్రంగా మార్చాడు. నగరపాలక సంస్థ 1991లో, 1999లో కొంత కూల్చేసినా మానలేదు. అది తను పెరిగిన వీధి. పాడుబడ్డ గోడ గీయడం తప్పని నేననను. అక్కడ బతికినవాళ్ళను అడగకుండా అందంగా గీయడమే నాకు నచ్చదు, అది పాలమూరైనా డెట్రాయిటైనా.

కొల్లాపూర్ వైపు మా మేనత్త వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు తాళాలు వేసిన ఇళ్ళు వరుసగా కనబడితే పిల్ల పుస్తకం తీసింది. అత్త ఆపేసింది. "అవి పాడుబడ్డయి కావు, బొంబాయి బోయిన్రు, పండుగకొస్తరు." వలసపోయిన ఇల్లు వేరు, వదిలేసిన ఇల్లు వేరు. మేమూ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళమే కాబట్టి ఆ మాట నాకు గట్టిగా తగిలింది. సోమశిల దగ్గర గీయడానికి ఇళ్ళే లేవు. శ్రీశైలం డ్యామ్ నీళ్ళు ఎన్నో ఊళ్ళను మింగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు, ఇళ్ళను ఎవరూ తరలించలేదు. అక్కడ అది ఏమీ గీయలేదు, పడవాయనతో మాట్లాడుతూ కూర్చుంది.

ఇప్పుడు మా మిద్దె పాళ్ళు తేలేట్టున్నాయి. తేలితే పడగొట్టి ప్లాటు చేస్తారు. నాకు బాధే, కానీ చిన్నాయనల అవసరాలు నాకు తెలుసు. విషయం తెలిసి మా అమ్మాయి తాతకు ఫోన్ చేసింది, ఆ దర్వాజ అమ్మొద్దు, నాకివ్వండి అని. బాపు తమ్ముళ్ళను అడిగాడు. పెద్ద చిన్నాయన సరేనన్నాడు. చిన్న చిన్నాయన మాత్రం, టేకు తలుపు, రేటెంతో కనుక్కొని చెప్తానన్నాడు.